నూటపదహారు నంబరు గూఢచారి మా గొల్లపల్లికి వచ్చిన కథ

తెలుగువారికి నూటపదహారు అనే అంకె పరాయిది కాదు. పెండ్లి పందిట్లో చదివింపుల దగ్గర, పురాణ కాలక్షేపం ముగిసిన నాడు పౌరాణికునికి సమర్పించే సంభావనలో, పురోహితుని తాంబూలంలో నూటపదహార్లు ఉండవలసిందే. నిజాం సిక్కా రూపాయలు నూటపదహారు ఇస్తేగాని ఇంగ్లీషు రూపాయలు నూరు వచ్చేవి కావనీ, ఈ లెక్క అక్కడే పుట్టిందనీ పెద్దలు చెబుతారు. ఇంగ్లీషువారి గూఢచారికి రెండు సున్నల పక్కన ఒక్క ఏడు సరిపోయింది. మన గూఢచారికి మాత్రం 1966లో మన నిర్మాతలు నిండు నూటపదహార్లు చదివించి తెర మీదికి పంపారు.

ఆ చిత్రమే ‘గూఢచారి 116’. తెలుగులో మొట్టమొదటి గూఢచారి చిత్రంగా పేరు పొందిన ఈ సినిమా 1966 ఆగస్టు 11న విడుదలైంది. నాయకుడు కృష్ణ, నాయిక జయలలిత. నచ్చిన సినిమా గురించి నాలుగు మాటలు వ్రాయండని మన పత్రిక సంపాదకులు ఈ విశ్రాంత ఉద్యోగిని కోరినప్పుడు, ‘మాయాబజార్’ గురించో ‘శంకరాభరణం’ గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉంటారు. ఆ చిత్రాలను మెచ్చుకోవడానికి నా సాయం అక్కరలేదు. కళాఖండమని ఎవరూ అనని ఈ సినిమా మా ఊరికి ఎట్లా వచ్చిందో, వచ్చి ఏమి చేసిందో చెప్పగలవారు మాత్రం ఇప్పుడు ఎక్కువమంది మిగలలేదు.

మా ఊరు గొల్లపల్లి. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని సుక్మా జిల్లాలో ఉంది. నా బాల్యంలో మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలో, కోంటా తహసీలులో ఉండేది. రాష్ట్రం పేరు 2000లో మారింది, జిల్లా పేరు 2012లో మారింది, ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది. అడవి దాటి దక్షిణంగా పోతే భద్రాచలం సీమ. ఇంట్లో దొర్లీ, సంతలో తెలుగు, కచేరీలో హిందీ. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలం మేము. ఏ భాషలోనూ మా ఊళ్ళో సినిమా హాలు మాత్రం లేదు.

1968 వేసవిలో సరిహద్దుకు ఆవల ఒక పెద్ద గ్రామంలో డేరా హాలు వేశారన్న వార్త సంతలో విన్నాము. మా మేనమామ నన్నూ, నా ఈడువాడైన మరొక కుర్రవాడినీ వెంటబెట్టుకొని బయలుదేరాడు. ఒక పగలంతా బండ్లబాట వెంట నడిచి, చీకటిపడే వేళకు చేరుకున్నాము. నేల టిక్కెట్టు కొని ఇసుక మీద కూర్చున్నాము. ఆ డేరాలో ప్రొజెక్టరు ఒక్కటే ఉండడం వల్ల రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. దీపాలు వెలిగిన ప్రతిసారీ మా మామ, “గూఢచారి ఇప్పుడు చస్తాడంటావా, బతుకుతాడంటావా?” అని మమ్మల్ని అడిగేవాడు. నా మిత్రుడు ప్రతిసారీ “చావడు మామా” అనేవాడు. వాడి ధైర్యం చూసి నాకు ఆశ్చర్యం కలిగేది. ఎందుకంటే సినిమా మొదట్లోనే ఒక గూఢచారి చచ్చిపోయాడు.

ఆ చచ్చిపోయే గూఢచారి పాత్రను ధరించినవాడు శోభన్‌బాబు. 303 నంబరు గూఢచారిగా దేశద్రోహుల గుట్టు కనుగొని, ఆ సంగతి పైవారికి పూర్తిగా అందజేయకముందే హత్యకు గురవుతాడు. అతడు వదిలివెళ్ళిన పనిని అందుకొనేవాడే 116, పేరు గోపి. అప్పటికి శోభన్‌బాబు కూడా అవకాశాలకై ఎదురుచూస్తున్న నటుడే. అతనికి తారాపథం దక్కడానికి మరికొంతకాలం పట్టింది. ఒకే చిత్రంలో ఇద్దరు యువకులు తుపాకి పట్టుకొని వచ్చారు, ఒకడు మొదట్లోనే రాలిపోయాడు, రెండవవాడు తుది వరకు నిలిచాడు. తరువాతి కాలంలో ఈ ఇద్దరూ సమ ఉజ్జీలుగా కలిసి అనేక చిత్రాలలో నటించారన్నది పాఠకులకు తెలిసిన విషయమే.

కథ క్లిష్టమైనది కాదు. దేశానికి హాని తలపెట్టిన ముఠా ఒకటి ఉంటుంది. దాని వెనుక ఒక విదేశీ నాయకుడు ఉంటాడు. గూఢచారి ప్రేమించిన యువతి తండ్రి ఆ ముఠా వలలో చిక్కుకొని ఉంటాడు. గూఢచారి ఒక చేత్తో ప్రేమను, మరొక చేత్తో పిస్తోలును పట్టుకొని, నాలుగైదుసార్లు చావు తప్పించుకొని, చివరకు రహస్య స్థావరంలో దుష్టులను మట్టుబెడతాడు. ఈ కథలోని మలుపులు ప్రపంచమంతటా అప్పుడు చలామణిలో ఉన్నవే. ‘డాక్టర్ నో’ 1962లో, ‘గోల్డ్‌ఫింగర్’ 1964లో వచ్చాయి. బాండ్ కంటె ముందే, 1949 నుండి ఫ్రెంచి నవలలలో ఓఎస్ఎస్ 117 అనే గూఢచారి తిరుగుతుండేవాడు. ఆ గాలి దక్షిణాదికి గట్టిగా తగిలింది. తమిళంలో జయశంకర్, కన్నడంలో 1968 నాటి ‘జేడర బలె’తో రాజ్‌కుమార్, మలయాళంలో ప్రేమ్ నజీర్, ఎవరి గూఢచారి వారికి పుట్టాడు. తెలుగులో అప్పటికే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదివిన పాఠకలోకం సిద్ధంగా ఉంది. మల్లికార్జునరావు దర్శకత్వం, ఆరుద్ర రచన, టి. చలపతిరావు సంగీతం, సుందర్‌లాల్ నహతా, డూండీల నిర్మాణం. ఇంతమంది కలిసి ఆ గాలిని మన వాకిట్లోకి మళ్ళించారు.

స్కూటరు మీది యువకుడు

చిత్రం కంటె ఆసక్తికరమైనది ఆ చిత్రానికి నాయకుడు దొరికిన తీరు.

గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని బుర్రిపాలెం కృష్ణ స్వగ్రామం. పూర్తి పేరు ఘట్టమనేని శివరామకృష్ణ. ఆదుర్తి సుబ్బారావు గారు అందరూ కొత్తవారితో 1965లో తీసిన ‘తేనె మనసులు’ చిత్రంలో ఆయన తొలిసారి నాయకుడయ్యారు. అది తెలుగులో తొలి పూర్తి రంగుల సాంఘిక చిత్రంగా పేరొందింది. మరుసటి సంవత్సరం ‘కన్నె మనసులు’ వచ్చింది. పేర్లను బట్టే పాఠకులు గ్రహించవచ్చు, అవి రెండూ మెత్తని కుటుంబ గాథలు. వాటిని చూసి ఇతనిలో ఒక గూఢచారి ఉన్నాడని ఎవరికి తోస్తుంది?

డూండీగారికి తోచింది. ‘తేనె మనసులు’లో ఒక సన్నివేశం ఉంది. కృష్ణ స్కూటరు మీద ఒక కారును వెంబడించి, దానిని సమీపించి, స్కూటరును వదిలి కారు మీదికి దూకాలి. ఆ రోజులలో ఇటువంటి పనికి బదులు మనిషిని పెట్టడం రివాజు, అదే డూపు. కృష్ణ డూపు లేకుండా తానే ఆ పని చేశారు. కొన్ని క్షణాల ముచ్చట అది. కుటుంబ ప్రేక్షకులు దానిని చూసి ఆ తరువాతి పాటకోసం ఎదురుచూసి ఉంటారు. డూండీగారు మాత్రం ఆ దూకుడులో తన తరువాతి చిత్రానికి కావలసిన మనిషిని చూశారు.

ఇది సామాన్యమైన నిర్ణయం కాదు. ఆ నాటికి తెలుగు తెరమీద రామారావు, నాగేశ్వరరావుల ఏలుబడి నడుస్తున్నది. పంపిణీదారులు పేరు చూసి పైకం పెట్టేవారు. రెండు చిత్రాల అనుభవం మాత్రమే గల, ఇరవై నాలుగేండ్లు నిండీ నిండని యువకుని మీద, తెలుగులో ఎవరూ తీయని రకం చిత్రాన్ని నిలబెట్టడం నిర్మాతకు జూదమే. చిత్రం పోతే నిర్మాతకు పోయేది డబ్బు, ఆ యువకునికి పోయేది జీవితం. మూడవ చిత్రంతో తలుపు మూసుకుపోయినవారు పరిశ్రమలో కోకొల్లలు.

ఈ మధ్య ఆ చిత్రాన్ని మళ్ళీ చూశాను. నిష్పక్షపాతంగా చెప్పాలంటే కృష్ణ నటనలో అప్పటికి పరిపక్వత లేదు. ప్రేమ సన్నివేశాలలో కొంత బిడియం, సంభాషణలలో కొంత తొందర కనిపిస్తాయి. అయితే పరుగెత్తవలసి వచ్చినప్పుడు, గోడ దూకవలసి వచ్చినప్పుడు, నలుగురితో కలియబడవలసి వచ్చినప్పుడు ఆ శరీరంలో సందేహం ఉండదు. చూసేవారికి ఆ తేడా తెలుస్తుంది. డేరాలో ఇసుకమీద కూర్చున్న మాకు కూడా తెలిసింది. నటనను గురించి మాకేమీ తెలియదు గాని, చెట్టుకొమ్మ మీదినుండి మడుగులోకి దూకేవాడెవడో, దూకుతానని గట్టుమీద నిలబడేవాడెవడో మాకు బాగా తెలుసు.

ఆ చిత్రం తరువాత కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అనే బిరుదు స్థిరపడింది. ఒప్పందాలు వరుసకట్టాయి. 1972లో ఒక్క సంవత్సరంలోనే ఆయన నటించిన చిత్రాలు 18 విడుదలయ్యాయి. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో కౌబాయ్‌ని, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో సినిమాస్కోపును, 1986లో ‘సింహాసనం’తో 70 ఎం.ఎం.ను తెలుగుకు తెచ్చిన సాహసం వెనుక ఆ స్కూటరు మీది యువకుడే ఉన్నాడని నా అభిప్రాయం.

ప్యాంటు తొడుక్కున్న జానపదం

మా మామ మర్నాటి సాయంత్రం ఊరికి తిరిగి రాగానే రచ్చచెట్టు క్రింద కథ మొదలుపెట్టాడు. మూడు రాత్రులు చెప్పాడు. సినిమా ఏనాడూ చూడని ముసలివారు సైతం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అర్థం చేసుకున్నారు. అది నాకు చాలాకాలం వింతగా ఉండేది. పిస్తోలు, టెలిఫోను, రహస్య ట్రాన్స్‌మీటరు, ఇవేవీ వారు చూసినవి కావు.

తరువాతి కాలంలో విఠలాచార్య గారి జానపద చిత్రాలు వరుసగా చూసినప్పుడు నాకు విషయం బోధపడింది. గూఢచారి చిత్రం అంటే ప్యాంటు తొడుక్కున్న జానపదమే. కత్తికి బదులు పిస్తోలు వచ్చింది. మంత్రగాని గుహకు బదులు మీట నొక్కితే గోడ జరిగే రహస్య స్థావరం వచ్చింది. మంత్రదండం పోయి చిత్రవిచిత్రమైన యంత్రాలు వచ్చాయి. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్న మాంత్రికుని ప్రాణం ఇప్పుడు ఒక పత్రంలోనో ఫిల్ము ముక్కలోనో ఉన్నది. జానపదాలలో దుష్టపాత్రలకు పేరుమోసిన రాజనాల గారు ఈ చిత్రంలోనూ ఉన్నారు. గడ్డం తీసి కోటు తొడిగినా ఆ గొంతును జనం వెంటనే గుర్తుపట్టారు. కథను పోల్చుకోవడానికి ఆ గొంతు ఒక్కటి చాలు.

మామ తన కథలో ఒక మార్పు కూడా చేశాడు. సినిమాలో గూఢచారి కారులో తప్పించుకొనే చోట, మామ చెప్పిన గూఢచారి శబరి నదిని ఈది తప్పించుకొన్నాడు. ఎవరూ ఆక్షేపించలేదు.

కెమెరా వెనుక మనిషి

ఈ చిత్రానికి ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

ఉత్తరాది నుండి వచ్చిన నగాయిచ్ గారికి ఛాయాగ్రాహకునిగా తొలి అవకాశం రామారావు గారి ‘సీతారామ కళ్యాణం’ (1961). మాయలకు, మహిమలకు ఆయన కెమెరా పెట్టింది పేరు. కంప్యూటర్లు లేని ఆ రోజులలో ఈ పని ఎట్లా జరిగేదో నేటి పిల్లలకు చెబితే నమ్మరు. కటకానికి ముందు నల్లని అడ్డు పెట్టి చట్రంలో సగభాగాన్ని మూసి, ఒక భాగాన్ని మాత్రమే చిత్రీకరించేవారు. తరువాత అదే ఫిల్మును వెనుకకు త్రిప్పి, చిత్రీకరించిన సగాన్ని మూసి, మిగిలిన సగాన్ని తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాల మధ్య గీత కనబడి శ్రమ అంతా వ్యర్థమయ్యేది. గనిలో, కర్మాగారంలో కొలతలతో కుస్తీపట్టే మన సోదరులకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

పురాణాలకు మహిమలు కల్పించిన చేతులే గూఢచారికి ప్రమాదాలు కల్పించాయి. ‘గూఢచారి 116’ నలుపు తెలుపుల చిత్రం. ఆ నీడల ఆట వల్లనే చిన్న చిన్న సెట్లు కూడా గంభీరమైన స్థావరాలుగా భ్రమింపజేస్తాయి.

చిత్రం జయప్రదమైన పిదప నిర్మాతలు దానినే హిందీలో తీయదలచి, దర్శకత్వ బాధ్యతను నగాయిచ్ గారికి అప్పగించారు. అదే 1967లో వచ్చిన ‘ఫర్జ్’. నాయకుడు జితేంద్ర, నాయిక బబిత. శాంతారాం గారి ‘గీత్ గాయా పత్థరోఁ నే’ (1964)తో నాయకుడైనా, జితేంద్రను దేశమంతటికీ తారగా నిలబెట్టింది ‘ఫర్జ్’. తెలుగు గోపి అక్కడ గోపాల్ అయ్యాడు. నంబరు మాత్రం మారలేదు, నూటపదహారే. చదివింపుల మర్మం తెలియని ఉత్తరాదివారికి ఆ అంకె ఎట్లా ధ్వనించిందో నాకు తెలియదు!

నగాయిచ్ గారు ఆ నంబరును అంతటితో విడువలేదు. 1973లో ‘కీమత్’లో ధర్మేంద్రకు అదే నంబరు తగిలించారు. 1982లో ‘రక్షా’తో జితేంద్రను మళ్ళీ 116గా తెచ్చారు. ఈ మధ్యలో 1979లో ‘సురక్షా’ అనే చిత్రంలో జి-9 అనే గూఢచారిని సృష్టించి, ఆ పాత్రను మిథున్ చక్రవర్తికి ఇచ్చారు. అంతకు ముందే ‘మృగయా’ (1976)తో జాతీయ బహుమతి పొందినా, సామాన్య జనంలో మిథున్‌కు పట్టు చిక్కింది ‘సురక్షా’తోనే. ఆ జి-9 అసలు పేరు కూడా గోపీయే కావడం విశేషం. ఒక మనిషి, కెమెరా వెనుక ఒకసారీ దర్శకుని స్థానంలో రెండుసార్లూ నిలిచి, ముగ్గురు యువకులు నిచ్చెన ఎక్కుతుండగా నిచ్చెన పట్టుకొని ఉన్నాడు. ఆయన పేరు ఈనాడు ఎంతమందికి తెలుసు?

సమోసా పందెం

నేను 1979లో ఉద్యోగంలో చేరి బైలడిల్లా కొండల క్రిందికి వచ్చాను. ఈ గనులకూ ఈ సినిమాకూ దాదాపు ఒకే వయసు. విశాఖ నుండి కనుమల మీదుగా రైలుమార్గం వేస్తున్న రోజులలో ఆ చిత్రం తయారైంది, 1968లో ఇనుప ఖనిజం ఉత్పత్తి మొదలయ్యే నాటికి అది డేరా హాళ్ళలో తిరుగుతున్నది. ఆ రైలు వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల నుండి వచ్చిన తెలుగువారు ఒక వైపు, రాయపూరు, బిలాస్‌పూరుల నుండి వచ్చిన హిందీవారు ఒక వైపు. మా క్వార్టర్ల వరుసలో గోడకు ఈవల ఆవకాయ, ఆవల అరిసె వంటి ‘ఖుర్మీ’.

రాయపూరు నుండి వచ్చిన ఒక సహోద్యోగి జితేంద్ర వీరాభిమాని. ఒకనాడు క్యాంటీనులో, “భాయ్, మీ తెలుగువాళ్ళు మా ‘ఫర్జ్’ను కాపీ కొట్టి ఒక సినిమా తీశారట గదా!” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పందెం వేసుకున్నాము. ఓడినవాడు నెల రోజులు సమోసాలు ఇప్పించాలి.

నా దగ్గర ఉన్న ఆధారం నలిగిపోయిన పాటల పుస్తకం ఒక్కటే. అది తెలుగులో ఉంది గనుక చెల్లదన్నాడు. కొన్ని నెలల తరువాత వినోద సంఘం వారు ఆరుబయట తెర కట్టి ‘ఫర్జ్’ వేశారు. పేర్లు పడుతున్నప్పుడు అతని పక్కనే కూర్చొని చదవమన్నాను. సుందర్‌లాల్ నహతా అన్నాడు. డూండీ అన్నాడు. అది ఏ ఊరి పేరని నన్నే అడిగాడు. కెమెరామన్ దర్శకుడయ్యాడని చెప్పాను. సినిమా పూర్తయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. లేచి వెళుతూ, “కథ మీదే, ఒప్పుకుంటాను. పుట్టినరోజు పాటలో ఆ నాట్యం మాత్రం మాది” అన్నాడు. న్యాయమైన మాటే. కృష్ణ గారి అభిమానిని అయినప్పటికీ నాట్యం విషయంలో నేను పేచీ పెట్టలేదు. సమోసాలు సగం సగం భరించాము.

కథకు కొసరు కూడా ఉంది. కృష్ణ నటించిన ‘ఊరుకి మొనగాడు’ (1981) చిత్రాన్ని ఆయన సొంత సంస్థ పద్మాలయా వారు 1983లో ‘హిమ్మత్‌వాలా’ పేరుతో జితేంద్ర నాయకుడుగా హిందీలో తీశారు. అది ఘనవిజయం సాధించి జితేంద్రకు మరొక దశ తెచ్చిపెట్టింది. ఆ వార్త వచ్చిన నాడు నా మిత్రుడు తానే స్వయంగా సమోసాలు తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

ఆ అంకె బరువు

గూఢచారి అనే మాట మనకు కొత్తది కాదు. రాజులకు చారులే కన్నులని పెద్దలు అన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢపురుషుల నియామకానికి ప్రత్యేకమైన అధ్యాయాలే ఉన్నాయి. విద్యార్థి వేషంలో ఉండే కాపటికుడు, సన్న్యాసం విడిచిన ఉదాస్థితుడు, రైతుగా ఉండే గృహపతికుడు, వర్తకుడైన వైదేహకుడు, తాపసుడు, వీరు ఒకచోట నిలిచి పనిచేసేవారు. సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి, వీరు తిరుగాడుతూ పనిచేసేవారు. రసదుడంటే విషం పెట్టేవాడు. ముగ్గురు చారులు వేర్వేరుగా తెచ్చిన వార్త ఒక్కటే అయితేనే నమ్మాలని కౌటిల్యుడు జాగ్రత్త చెప్పాడు. ‘గూఢచారి 116’ విడుదలైన నాటికి భారతదేశానికి విదేశీ వ్యవహారాల కోసం ప్రత్యేకమైన గూఢచార సంస్థ లేనేలేదు. ‘రా’ ఏర్పడింది 1968 సెప్టెంబరులో. 1962లో చైనాతో, 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధాల నుండి నేర్చిన పాఠం అది. తెర మీది గూఢచారి ఉద్యోగంలో చేరిన రెండేండ్లకు నిజమైన కార్యాలయం తెరిచారన్నమాట.

సినిమాలో గూఢచారి పని సులువు. ఎవరు శత్రువో చివరి రీలుకు తేలిపోతుంది. మా ఊళ్ళో అట్లా తేలలేదు.

డేరా హాలుకు నాతో వచ్చిన ఆ మిత్రుని గురించి చెప్పాలి. సినిమా చూసి వచ్చిన నాటి నుండి వాడికి అదే లోకం. వెదురుముక్కతో పిస్తోలు చేసుకొని, మేకలను కాస్తూ, వచ్చేపోయేవారిని పొదలచాటు నుండి కనిపెట్టేవాడు. “ఎవడ్రా అక్కడ?” అని ఎవరైనా అంటే “గూఢచారి నూటపదహారు!” అని దూకేవాడు. పేరు వాడికి అతికిపోయింది. పెండ్లయింది, పిల్లలు పుట్టారు, పొలం దున్నాడు, ఊరంతా నూటపదహారు అనే పిలిచేది. అసలు పేరు రేషను కార్డులో మాత్రమే ఉండేది. నేను సెలవులకు వెళ్ళినప్పుడు వాడి కొడుకులు సైతం, “నూటపదహారు ఇంట్లో లేడు మామా” అని నవ్వేవారు.

1980ల నుండి మా అడవులలో పరిస్థితులు మారుతూ వచ్చాయి. 2005 తరువాత బొత్తిగా మారిపోయాయి. ఆ చరిత్రంతా పాఠకులకు తెలిసినదే, ఇక్కడ విస్తరించను. ఇన్‌ఫార్మర్ అనే ఇంగ్లీషు మాట అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా తెలిసిన రోజులవి. ఒక పక్షం వారికి వార్త చెప్పాడని రెండవ పక్షం వారికి అనుమానం కలిగితే చాలు, మనిషి తెల్లవారి ఉండడు. కౌటిల్యుని ముగ్గురు చారుల నియమం అక్కడ ఎవరూ పాటించలేదు.

ఒకనాడు కొత్తవారు కొందరు ఊరి బయట వాడి చిన్న మనుమణ్ణి ఆపి, ఈ పొలం ఎవరిదని అడిగారట. “మా తాతది” అన్నాడు పిల్లవాడు. తాత పేరేమిటి? ఆరేళ్ళ పసివాడు తనకు తెలిసిన పేరు ఛాతీ విరిచి చెప్పాడు, “గూఢచారి నూటపదహారు.”

వారు ఏ పక్షం వారో నేను వ్రాయను. ఆ రాత్రి ఊరి పెద్దలు వెళ్ళి, అది సినిమా పేరని, చిన్ననాటి ఆట అని, ముప్ఫై ఎనిమిదేండ్ల క్రితం చూసిన బొమ్మ అని చెప్పి బ్రతిమాలుకున్నారు. నమ్మారో లేదో తెలియదు, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మా మిత్రుడు తెల్లవారేవరకు కూడా ఆగలేదు. కుటుంబాన్ని తీసుకొని, నలభై ఏండ్ల క్రితం సినిమాకు వెళ్ళిన ఆ బండ్లబాట వెంటనే సరిహద్దు దాటి పోయాడు. అది 2006. ఆ రోజులలో అట్లా దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు చేరిన కుటుంబాలు ఎన్నో. 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, సాధారణ గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. పోయినవారిలో కొందరు తిరిగి వచ్చారు, చాలామంది రాలేదు.

వాడు రాలేదు. భద్రాచలం చుట్టుపక్కల మిరప తోటలలో కూలికి పోయాడు. తరువాత చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నేను రెండుసార్లు వెళ్ళి చూశాను. కొత్త చోట అందరూ వాణ్ణి అసలు పేరుతోనే పిలుస్తున్నారు. నేను అలవాటు చొప్పున పాత పేరుతో పిలవబోతే, వాడి భార్య చప్పున నా చేయి పట్టుకొని, “అన్నా, ఆ పేరు వద్దు” అన్నది. వాడు గుమ్మం వైపు చూశాడు.

తెలుగు తెరమీద మాత్రం ఆ వంశం వర్ధిల్లుతూనే వచ్చింది. కృష్ణ స్వయంగా ‘జేమ్స్‌బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981) చిత్రాలలో నటించారు. 1983లో చిరంజీవి ‘గూఢచారి నెం.1’ చేశారు, అదే ఏట ‘ఖైదీ’తో ఆయన స్థాయి మారిపోయింది. 1989లో ‘గూఢచారి 117’ వచ్చినప్పుడు కృష్ణ పక్కన బాలనటుడుగా ఆయన కుమారుడు మహేశ్‌బాబు ఉన్నాడు. 2018లో అడివి శేష్ నాయకుడుగా, శశికిరణ్ తిక్క దర్శకత్వంలో ‘గూఢచారి’ విడుదలైంది. పరిమితమైన ఖర్చుతో, చక్కని బిగువుతో తీసిన చిత్రమది. అందులోని యువకుని చిన్ననాటి పేరు గోపి, అతని నంబరు 116. హాలులో ఆ అంకె వినబడగానే నా పక్కన కూర్చున్న మా మనుమడు, “తాతా, ఎందుకట్లా ఉలిక్కిపడ్డావు?” అని అడిగాడు.

కృష్ణ గారు 2022 నవంబరు 15న హైదరాబాదులో పరమపదించారు. ఆ రోజంతా టెలివిజనులో ఆయన పాత చిత్రాలలోని దృశ్యాలు వేస్తూ ఉన్నారు. నలుపు తెలుపులలో చేతిలో పిస్తోలుతో ఆ యువకుడు కనబడినప్పుడల్లా నాకు ఇసుక మీది ఆ రాత్రి, దీపాలు వెలగగానే మామ వేసిన ప్రశ్న గుర్తుకు వచ్చాయి. మామ పోయి చాలాకాలమైంది.

రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఫోను మ్రోగింది. కొత్త నంబరు. ఎవరని అడిగాను. అవతల కొంతసేపు మాట లేదు. టెలివిజను చప్పుడు మాత్రం వినబడుతున్నది, అక్కడా అదే సినిమా. తరువాత గొంతు సవరించుకొని, పదహారేండ్లుగా నేను వినని ఆ పేరు చెప్పాడు.

“ఒరేయ్, నూటపదహారును మాట్లాడుతున్నాను.”